కౌజు పిట్టలకు పెట్టిన చెదలు

శేరిలింగంపల్లిలోనే పుట్టి అక్కడే కాపురమున్న సక్కుబాయి పెరట్లో పందొమ్మిది కౌజు పిట్టలను పెంచేది. వాటి తిండి సంగతిలో ఎవరి మాటా వినేది కాదు. రోజూ నూకలు, గుడ్డు పెంకు గట్టిపడాలని దంచిన ఆల్చిప్పల పొడి, వారానికి రెండుసార్లు చెదలు. పాత కుండలో పేడ, తడి గడ్డి కూరి ఇంటి వెనక పుట్ట పక్కన బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు పట్టేవి. వాటికోసం పిట్టలు ఒకదాని మీదొకటి ఎగబడేవి.

1998లో ఆ వెనక జాగాలో విశ్వేశ్వరరావు అనే గుంటూరు వైపు ఉద్యోగి ఇల్లు మొదలుపెట్టాడు. ఒకరోజు కూలీలు పునాది గుంతల్లో, పుట్ట చుట్టూ తెల్లటి నీళ్లేవో పోస్తుంటే సక్కుబాయి గోడ మీదుగా అడిగింది.

"ఏం పోస్తున్నరు బిడ్డా? గింత వాసనొస్తున్నది?"

పని చూసుకునే వెంకట్ తలెత్తకుండానే చెప్పాడు. "ఫినాయిలేనమ్మా. ఏం కాదు."

ఆమె నమ్మింది. రెండు రోజుల తర్వాత కుండ తీసి చూస్తే చెదలు మందకొడిగా కదులుతున్నాయి. చలికేమో అనుకుని పిట్టలకు అరచేత్తో తినిపించింది. వంట ముగించి వచ్చేసరికి పిట్టలు మెడలు వాల్చేసి కాళ్లు తన్నుకుంటున్నాయి. నోట్లో నీళ్లు పోసినా మింగలేదు. మధ్యాహ్నానికి పదహారు చచ్చిపోయాయి.

సక్కుబాయి ఏడవలేదు. చచ్చిన పిట్టలన్నిటినీ గంపలో వేసుకెళ్లి, పని చూడటానికొచ్చిన విశ్వేశ్వరరావు కాళ్ల ముందు దించింది.

"ఏం మందు పోసినరో చెప్పుండ్రి!"

"ఏదో తెగులొచ్చి ఉంటుందండీ," అన్నాడు వెంకట్ యజమానితో.

"తెగులా? నిన్న పొద్దుమూకినంక గూడ గుడ్లు పెట్టినయ్!" రేకుల షెడ్డులోకి దూసుకెళ్లి ఆమె ఖాళీ డబ్బా పట్టుకొచ్చింది. "నాకు సదువు రాదు. గీ పుర్రె బొమ్మ కనవడదా?"

డబ్బా మీది అక్షరాలు చదివి విశ్వేశ్వరరావు మొహం మాడ్చుకున్నాడు. "ఈవిడకి ఫినాయిలని ఎందుకు చెప్పావయ్యా?"

"చెదల మందంటే గొడవ చేసి పని ఆపేస్తారనండీ..."

విశ్వేశ్వరరావు సక్కుబాయి వైపు తిరిగాడు. "పోనీలేమ్మా, వేరే పిట్టలు తెప్పిస్తాను."

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నేనడిగింది పిట్టలనా? నీ మనిషి అబద్ధమాడితే నేను నా చేతులతోని వాటికి విషం పెట్టిన! రేపు గీడికి మేకలొస్తయ్, పోరగాళ్లు ఆడుకుంటరు. వాళ్లకు గూడ ఫినాయిలనే చెప్తరా?"

ఇసుక లారీ వచ్చే దారికి అడ్డంగా కూర్చుంది. ఎండ నెత్తి మీదున్నా లేవలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు, వెంకట్ పోలీసులను పిలుస్తానన్నాడు, ఆమె కదల్లేదు. చివరికి విశ్వేశ్వరరావు పుట్ట చుట్టూ ముళ్లతీగ కట్టించి, రేకు మీద 'విషం చల్లాం, రాకండి' అని వెంకట్ చేత రాయించాడు.

"ఏం రాసినవో సదువు," అంది వెంకట్‌తో. అతను గొణిగాడు.

"గట్టిగ! గల్లీ అంత ఇనాలె."

చదివించాకే లేచింది. కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీయించి పిట్టలను పూడ్చింది.

మిగిలిన మూడింటికి ఉడకబెట్టిన గుడ్డు చిదిమి పెట్టింది. ఆరు నెలల తర్వాత విశ్వేశ్వరరావు భార్య సుబ్బలక్ష్మి గృహప్రవేశానికి బొట్టు పెట్టి పిలిచింది.

"నీ మీద నాకేం లేదమ్మా," అంది సక్కుబాయి. "గని ఆ గడప నేను తొక్క."

ఎన్నడూ తొక్కలేదు.