ఊదా రంగు బల్లి

టైర్ల షాపు నడిపినన్నాళ్లూ డెల్మర్ హట్టో ఒక్క విషయంలోనే గొప్పలు పోయేవాడు. బాస్ చేపకి ఏ ఎర వెయ్యాలో అలబామా మొత్తంలో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదట. నీళ్లు బురదగా ఉంటే మెరిసే రేకు, నాచు మీదయితే తేలే రబ్బరు కప్ప. వసంతంలో చేపలు ఒడ్డు దగ్గర గూళ్లు చేసుకుని గుడ్లు పెట్టినప్పుడు మాత్రం, తాను స్వయంగా పోతపోసిన ఊదా రంగు రబ్బరు బల్లి. "దాని రుచికి పడి చస్తాయి" అనేవాడు.

ఆ ఏప్రిల్ ఉదయం సరస్సు అడుగు దాకా కనిపిస్తోంది. డెల్మర్ ఎరల పెట్టె తిరగేస్తూ కూర్చుంటే, పడవలో ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న భార్య ఓర్లీన్, "మన పెళ్లికి టై ఎంచుకోడానికైనా ఇంతసేపు ఆలోచించావటయ్యా?" అంది.

డెల్మర్ బల్లిని సూటిగా ఒక గూట్లోకి విసిరాడు. గుడ్లకి కాపలా ఉన్న మగచేప దాన్ని నోట కరుచుకుంది. అతను గాలం లాగబోతుంటే ఓర్లీన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు. అది తినడం లేదు, చూడు."

చేప బల్లిని గూడు దాటించి, అవతల ఇసుకలో ఉమ్మేసి, తిరిగొచ్చి గుడ్ల మీద రెక్కలాడిస్తూ నిలబడింది. డెల్మర్ మళ్లీ వేశాడు. చేప మళ్లీ మోసుకెళ్లి పారేసింది.

"ఇన్నేళ్లూ రుచి అనుకున్నానే" అన్నాడు మెల్లగా.

"గుడ్లు తినే దొంగని బయటికి గెంటుతోందయ్యా."

డెల్మర్ దారం చుట్టేసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చర్చిలో తప్ప అతను ఇంకెక్కడా టోపీ తీయగా ఓర్లీన్ చూడలేదు.