నన్ను రానివ్వని గది

మా తమ్ముడి తాగుడు మాన్పించింది నేను. పేరు వేరేవాళ్ళకు పోయింది. పోయిన ఆదివారం తాగుడు మానినవాళ్ళ సంఘం వాడికి శాలువా కప్పితే, డెబ్బై ఎనిమిదేళ్ళ మా పెద్దమనిషి మైకు పట్టుకుని, నా తల్లీ తండ్రీ మీరేనని అక్కడున్న పరాయివాళ్ళందరికీ దండం పెట్టాడు గానీ, రెండో వరసలో కూర్చున్న ఈ అన్నను మాటవరసకైనా తలచలేదు.

అసలు ఆ సంఘం ఎక్కడుందో వెతికి పట్టుకున్నది ఎవరు? పంతొమ్మిది వందల డెబ్బైల చివరి మాట. నేను ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల దుకాణంలో బస్తాలు తూచేవాణ్ణి. బడికి పోలేదు; పొట్లాలు కట్టే పాత పేపర్లు కూడబలుక్కుంటూ చదువు నాకు నేనే నేర్చుకున్నాను. ఒకనాడు అట్లాంటి పేపరు ముక్కలోనే, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రాలు బహదూర్‌పురాలో కలుసుకుంటారని నాలుగు వరసలు కనిపించాయి; అడ్రసు ఉండాల్సిన మూల చిరిగిపోయింది. డాక్టర్ల దగ్గర కాంపౌండర్లను అడిగాను, ఠాణాలో అడిగాను, ఎవరికీ తెలియదు. చివరికి చెప్పింది ఎవరనుకున్నారు? పురానాపూల్ దగ్గర మా తమ్ముడు పడి ఉండే కల్లు కాంపౌండులో సీసాలు అందించే మనిషి. "చర్చి ఎనక బడి రూమున్నది సూడు, గదే. మా పాత గిరాకంత గాడికే పోయి కరాబైతున్నది," అని కడుపు మండి చెప్పాడు.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పట్లో తాగుడును జబ్బు అన్నవాళ్ళు లేరు. ఖర్మ అనేవాళ్ళు, పెళ్ళి చేస్తే తగ్గుతుందనేవాళ్ళు. మేమూ చేశాం, తగ్గలేదు, మరదలు పుట్టింటికి పోయింది. అమ్మ పోయాక తొమ్మిదేళ్ళు వాణ్ణి రిక్షాలో వేసుకుని తెచ్చింది నేను, కడిగింది నేను, దర్గాలో తాయెత్తు కట్టించింది నేను, గుళ్ళో ఒట్టు వేయించింది నేను. ఏ ఒట్టూ పదిహేను రోజులు దాటలేదు. అలాంటివాడు ఆ గదికి పోవడం మొదలుపెట్టాక, రెండుసార్లు జారి కూడా, మూడో నెలకు నిలబడ్డాడు.

సంతోషించాలి కదా? సంతోషించాను, అబద్ధం చెప్పను. కానీ ఆదివారం వచ్చిందంటే వాడు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొత్తల్లుడు అత్తగారింటికి పోయినట్టు పోతుంటే, సవతిని చూసినట్టు కుళ్ళుకునేవాణ్ణి. ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెడితే మాట లేదు, అక్కడ మాత్రం రెండేసి గంటలు మాటలే. తాగేవాళ్ళకు తప్ప ప్రవేశం లేదని నన్ను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. మెట్ల మీద, వాళ్ళ చెప్పుల పక్కన కూర్చునేవాణ్ణి. వాడి గొంతు వినిపించేది, మాటలు తెలిసేవి కావు. నా గురించి ఏం చెప్తున్నాడో!

ఒక ఆదివారం ఇక ఓర్చుకోలేక లోపలికి పోయి, ఇన్నాళ్ళూ దాచాను గానీ నేనూ తాగుబోతునే అన్నాను. జన్మలో కల్లు వాసన తప్ప రుచి ఎరగనివాణ్ణి! చెప్పమన్నారు. నాకు తెలిసిన తాగుడు కథ ఒక్కటే, అది తమ్ముడిదే. మూసీలో సైకిలు పారేసింది, పెళ్ళిలో బావగారి మీద చెయ్యి చేసుకున్నది, అన్నీ నావేనన్నట్టు చెప్పుకుంటూ పోయాను. బాగానే చెప్పాను కూడా, ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళందరిలోకీ పెద్దవాడు, రైల్వేలో ఫిట్టరు, ఒక్కటే అడిగాడు. "పొద్దుగాల చేతులు వణుకుతయి గద భాయ్, అంగి గుండీలు ఎట్ల పెట్టుకుంటవ్?"

"మా అన్న పెడ్తడు," అన్నాను, ఆలోచించకుండా.

నాకు అన్న లేడు. ఇంటికి పెద్దకొడుకును నేనే. ఆ సంగతి గదిలో తెలిసినవాడు ఒక్కడే, వాడు తల దించుకున్నాడు. ఫిట్టరు నన్నూ చూశాడు, వాణ్ణీ చూశాడు. మా ఇద్దరివీ ఒకే అచ్చులో పోసిన ముక్కులు. లేచి, నా భుజం మీద చెయ్యేసి తలుపు దాకా తీసుకొచ్చి, "నీది ఏమన్న ఉంటె రా భాయ్. పరాయోనిది ఈడ చెప్పొద్దు," అన్నాడు. పరాయివాడట! తొమ్మిదేళ్ళు మోసినవాడికి తమ్ముడు పరాయివాడట! ఆ మాటకు ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తరవాత మరదలు తిరిగి వచ్చింది, వాడికి పిల్లలు, మనవలు. కల్లు కాంపౌండు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు లేచింది. సంఘం వాళ్ళు సగం ముచ్చట్లు ఫోన్లలోనే కానిస్తారట. ఇంకో సంగతి విన్నాను: తాగేవాళ్ళ భార్యలూ అన్నదమ్ములూ కూర్చుని తమ గోడు చెప్పుకోవడానికి కూడా ఈ రోజుల్లో వేరే కూటాలు ఉన్నాయట. అప్పట్లో అది ఉండి ఉంటే, మెట్ల మీద అన్ని ఆదివారాలు పోయేవి కావేమో. మాకెవరు పెట్టారు, మాకేం జబ్బని!

శాలువాతో వాణ్ణి ఆటోలో తీసుకొస్తూ, ఎన్నోసార్లు అడిగిందే మళ్ళీ అడిగాను: నాకు చెప్పుకోలేనిది వాళ్ళకెలా చెప్పుకున్నావురా, నా దగ్గర లేనిది వాళ్ళ దగ్గర ఏముందిరా అని. ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాడు, ఈసారి జవాబు చెప్పాడు.

"నీకు చెప్తె నువ్వు రాత్రంత నిద్రపోకపోతుంటివి అన్నా. పొద్దుగాల నీ మొఖం సూస్తె నాకు మల్ల తాగబుద్ధయ్యేది. వాళ్ళయితె ఇని, చాయ్ తాగి, ఎవరిండ్లకు వాళ్ళు పోతుండె."