బొట్టు చేపది ఏ ఊరు

ఎల్లారెడ్డిలో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పుట్టి పెరిగిన చేపలను కామారెడ్డిలో బ్యాంకాక్ చేపలని చెప్పి అమ్మారు. ఒకసారి కాదు, పొరపాటున అంతకన్నా కాదు. తొట్టి మీద బోర్డు కట్టి, ఏళ్ల తరబడి అమ్మారు.

పైసల గొడవేమో అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అలా అమ్మిన దుకాణదారు నాకు ఎన్నడూ బాకీ పడలేదు. నేను అడిగింది ఒక్కటే. ఆ చేప ఏ ఊరిదో ఆ ఊరి పేరు రాయమన్నాను. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ ఒక్క మాట కోసం నేను తిరిగిన తిరుగుడు, పడ్డ మాటలు రాయాలనే ఇది మొదలుపెట్టాను.

నాకు బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. వయసులో ఉండగా అందరిలాగే గల్ఫ్ పోయాను. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో తోటపని. ఆ ఇంటి హాల్లో గోడ పొడవునా అద్దాల తొట్టి ఉండేది. దాన్ని కడిగేవాడు ఇంటికి పోయి తిరిగి రాకపోతే ఆ పని నా నెత్తిన పడింది. మొదట్లో తిట్టుకుంటూ కడిగాను. తర్వాత కడగని రోజు కూడా పోయి నిలబడేవాణ్ని. మందుసీసాల మీద, తిండిడబ్బాల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా చేపల ఇంగ్లీషే. జ్వరమొస్తే ఏమనాలో తెలియదు గానీ చేప రెక్క కుళ్లితే ఏమనాలో తెలుసు.

మోకాళ్లు పోయాక ఇంటికొచ్చి షెడ్డు వేసుకున్నాను. ఏంజెల్ అని బజారులో పిలిచే చేపతో మొదలుపెట్టాను. గాలిపటాన్ని నిలబెట్టినట్టు పల్చగా ఉంటుంది, పైకీ కిందికీ పొడుగు రెక్కలు. సిక్లిడ్లు అనే పెద్ద వంశంలోది. గుడ్లు పెట్టి తమ దారిన తాము పోయే చేపలు వేరు, ఈ వంశం వేరు. ఏంజెల్ ఆడా మగా రెండూ గుడ్ల దగ్గర నిలబడి రెక్కలతో విసురుతాయి, దగ్గరికి ఏది వచ్చినా కొడతాయి. ఆడదేదో మగదేదో పైకి చూసి చెప్పడం కష్టం. అరడజను పిల్లలను కలిపి పెంచి, ఏది దేనితో జత కడుతుందో చూస్తూ కూర్చోవాలి. అక్కడ మన పెద్దరికం నడవదు.

గుడ్లు పెట్టడానికి దానికి నిలువుగా, నున్నగా ఏదో ఒకటి కావాలి. మా ఇండ్లలో నున్నగా ఉండేది ఇంకేముంటుంది? నేలకు పరిచే షాబాద్ బండ. ఇల్లు కట్టిన ప్రతివాడి పెరట్లో మిగిలిన ముక్కలుంటాయి. ఒక ముక్క కడిగి తొట్టిలో వాలుగా నిలబెట్టాను. జత దాని మీద వరసలు వరసలుగా గుడ్లు పెట్టింది. గుడ్లన్నీ సున్నం చల్లినట్టు తెల్లబడి చచ్చిపోయాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ తెల్లబడ్డాయి. మందులు మార్చాను, తిండి మార్చాను. ఒకనాడు మా ఇంటామె చాయ్ తెచ్చి, నా వాలకం చూసి అంది:

"నిమ్మకాయ చుక్క పడితేనే బుసబుస పొంగుతది గా బండ. వంటింట్ల మచ్చలు చూడు. సున్నపురాయిని నీళ్లల్ల నానవెట్టి, నీళ్లు మంచిగుండాలంటే ఎట్లుంటయి?"

అసలే మా బోరు నీళ్లు గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే రకం. పైగా నేనే సున్నం నానబెట్టాను. బండ తీసి, పాత ఇంటి గూనపెంకు ఒకటి కడిగి పెట్టాను. వానకాలంలో రేకుల మీది నీళ్లు డ్రమ్ముల్లో పట్టి బోరు నీళ్లలో కలిపాను. ఈసారి పిల్లలయ్యాయి. ఏడాదికేడాది వాననీళ్లు తగ్గిస్తూ, బోరు నీళ్లు పెంచుతూ పోయాను. తట్టుకున్న పిల్లలను దాచి వాటితోనే మళ్లీ జతలు కట్టించాను. చివరికి ఉత్త బోరు నీళ్లలోనే గుడ్లు పెట్టి పిల్లలను లేపే చేప తయారైంది. బయటినుంచి తెచ్చిన ఏంజెల్‌లు చాలావరకు మా నీళ్లలో వారం తిరగకుండా బోర్లా పడేవి. నాది మాత్రం ఈ నీళ్లదే అయిపోయింది.

ఆ పిల్లల్లోనే ఒకదానికి నుదుట నారింజ రంగు మచ్చ వచ్చింది. ఒళ్లంతా వెండి తెలుపు, నుదుట ఒక్క బొట్టు. దాన్ని కాపాడి, దాని పిల్లల్లో బొట్టున్నవాటిని ఏరి, వంకర రెక్కలవాటిని వేరు చేసి, బొట్టు నిలబడేదాకా వదల్లేదు. ఎన్ని కాన్పులు పట్టిందో నాకే గుర్తులేదు. దానికి ఎల్లారెడ్డి బొట్టు అని పేరు పెట్టుకున్నాను. బిడ్డలకు పేర్లు మా నాయన పెట్టాడు. నేను పేరు పెట్టింది ఈ ఒక్కదానికే.

కామారెడ్డిలో బస్టాండుకు నడిచిపోయే దూరంలో ఒక చేపల దుకాణం ఉంది. దుకాణదారు అంతకుముందు సెల్‌ఫోన్ కవర్లు అమ్మినవాడు. నా చేపను చూసి కళ్లు పెద్దవి చేశాడు. "బాపూ, ఎన్నైనా తే, నేను తీస్కుంట" అన్నాడు. అప్పటినుంచి పాలిథిన్ సంచుల్లో నీళ్లు, గాలి నింపి, థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ని. కండక్టర్లందరికీ నేను వేళాకోళమే. "చేపలకు ఆధార్ కార్డుందా బాపూ? ఆడయైతే ఫ్రీ" అనేవాడొకడు. ఆడో మగో తేలాకే టికెట్ తీస్తాననేవాణ్ని.

మొదటి రోజే దుకాణదారు ఒక మాట చెప్పాడు. "బాపూ, ముందట గిరాకీ తొక్కుడు ఎక్కువ. నువ్వు ఎనకకెల్లి రా." వెనక గోదాంలో నాకు కుర్చీ వేసేవాడు, చాయ్ తెప్పించేవాడు. పెద్దమనిషిని తోపులాటలో నిలబెట్టకుండా చూసుకుంటున్నాడని మురిసిపోయాను. ఊళ్లో చెప్పుకున్నాను కూడా.

ఒకనాడు వెనక షట్టర్‌కు తాళం ఉంది. దుకాణదారు ఏదో పెళ్లికి పోయాడట. పెట్టె నెత్తిన పెట్టుకుని ముందుకు తిరిగి వచ్చాను. నడిమధ్యన లైట్లు వేసిన పెద్ద తొట్టి, అందులో నా బొట్టు చేపలు. తొట్టి మీద ఎర్రక్షరాల బోర్డు: ఇంపోర్టెడ్, బ్యాంకాక్ మాల్. దాని ముందు ఒక మొగుడూ పెళ్లాం నిలబడి ఉన్నారు. పనివాడు వాళ్లకు వివరం చెబుతున్నాడు.

"ఫ్లైట్ల వస్తయి మేడం. బొట్టు చూసిండ్రా? ఆల్ల దేశంల తప్ప యాడ దొరకది."

"బతుకుతయా మరి? పోయినసారి తీస్కపోయిన గోల్డ్‌ఫిష్ నాలుగొద్దులు లేకపాయె" అంది ఆమె.

"అవి లోకల్ మేడం. లోకల్ మాల్ గట్లనే ఉంటది. గివి గట్టి పిండాలు."

పక్క తొట్టి మీద లోకల్ అనే రాసి ఉంది. అందులోవి కలకత్తానుంచి రైల్లో వచ్చే గోల్డ్‌ఫిష్‌లు. వాటిని దింపుకుంటుంటే గోదాంలో నేనే చూశాను. రెండు రాత్రులు రైల్లో వచ్చింది లోకల్. పొద్దున బస్సులో వచ్చింది బ్యాంకాక్.

ఊరుకోలేకపోయాను. "ఏ బ్యాంకాక్ రా? ఇవి నా షెడ్డుల పుట్టినయి. వీటి తాతలు సుత మా పక్కనున్న లింగంపేట దాటలే. ఇగో, ఈ పెట్టెల వీటి తమ్ముండ్లున్నరు, చూడు" అని మూత తీయబోయాను.

ఆ మొగుడు నవ్వాడు. "మంచిగుంది తాతా. జర జరుగు, వెలుతురు ఆపుతున్నవ్" అన్నాడు. వాళ్లు ఒక జత కొనుక్కుని పోయారు. నేను పెట్టె ఇవ్వకుండా తిరుగు బస్సెక్కాను.

దుకాణదారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే మళ్లీ పోయాను. ఈసారి ముందునుంచే పోయాను.

"ఏమైంది బాపూ, పైసలు తక్కువ ఇచ్చిన్నా?"

"పైసలు కాదు. పేరు. ఎల్లారెడ్డి అని రాయి."

"పేరుదేముందే! నీకు తెల్సు, నాకు తెల్సు. సాలదా?"

"కొనేటోనికి తెల్వద్దా?"

"నువ్వొక అమాయకునివి. మన పొలాల పండిన బియ్యమే కర్నూలు బియ్యమని సంచుల్ల పోసి మనకే అమ్ముతలేరా? బియ్యానికి లేని రోషం నీ చేపకెందుకు?"

"బియ్యం పండించినోనికి రోషం ఉన్నదో లేదో పోయి అడిగినవా?"

అతను నవ్వేశాడు. చాయ్ తెప్పించాడు. "రాపిస్త బాపూ, నీ మీదొట్టు" అన్నాడు. తర్వాత పోయినప్పుడు పెయింటర్ దొరకలేదన్నాడు. ఆ తర్వాత దసరా పోనీ అన్నాడు. దసరా పోయింది. తొట్టి మారింది, లైట్లు మారాయి, బోర్డు మారలేదు. నేను మాత్రం చేపలు ఇస్తూనే ఉన్నాను. పిల్లలు ఆగవు కదా.

ఇంతలో మా గల్లీలోకి ఒక బ్యాంకు ఉద్యోగి కిరాయికి దిగాడు. కృష్ణా జిల్లావాడు. ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. "మీరు చేపల తొట్లు కడుగుతారటగా? మా బ్యాంకాక్ ఏంజెల్స్ గుడ్లు పెట్టాయి. ఏం చేయాలో చెబుతారా?" అన్నాడు. పోయి చూశాను. పోయిన ఎండాకాలం కాన్పువి. మగదాని కింది రెక్కకు నొక్కు. చిన్నప్పుడు మోటారు పైపులో ఇరుక్కుంటే నేనే తీశాను.

"సార్, ఇవి మా ఇంట్ల పుట్టినయి" అన్నాను. అతను మర్యాదస్తుడే, ఎగతాళి చేయలేదు. మా షెడ్డుకు వచ్చి తొట్లన్నీ తిరిగి చూశాడు. చూసి నా భుజం తట్టాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ. కాపీ అంటే నమ్మలేం. కానీ ఒరిజినల్‌కీ దీనికీ తేడా తెలుస్తుందండీ. మావి చూడండి, ఈ బోరు నీళ్లలో కూడా ఎంత గట్టిగా ఉన్నాయో. అదీ ఇంపోర్టెడ్ అంటే."

ఆ నీళ్లకు ఆ చేపను అలవాటు చేయడానికి నా జుట్టు తెల్లబడింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. నన్ను చూసి నవ్వినవాడితో కొట్లాడొచ్చు. మెచ్చుకుంటూనే నా చేపను నకలు అన్నవాడికి ఏం చెప్పను? గుడ్లు తెల్లబడకుండా ఏం చేయాలో మాత్రం చెప్పి పంపాను. గుడ్లేం తప్పు చేశాయి?

ఆ రోజు నుంచి కామారెడ్డికి చేపలు బంద్ చేశాను. ఊరి పేరు రాస్తేనే ఇస్తానని దుకాణదారుకు కబురు పెట్టాను. వాడు దిగొస్తాడనుకున్నాను. ముందు దిగొచ్చింది నా తొట్లే. ఏంజెల్‌కు ఈడొస్తే జాగా కావాలి, జతకట్టిన ప్రతిదానికీ తన మూల కావాలి. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. నీళ్లు ఎంత మార్చినా వాసన పోలేదు. బొట్టు బాగా కుదిరిన పిల్లలే, ఏరి దాచినవే, రెక్కలు చిరిగి అడుగున పడుకున్నాయి. పొద్దున లేచి ముందుగా చచ్చినవాటిని తీయడం నా పనైంది. తీసినవాటిని మా ఇంటామె జామచెట్టు మొదట్లో పూడ్చేది.

"పంతం నీది, సావు ఈటిది" అంది ఒకరోజు, మట్టి కప్పుతూ.

"పేరు లేకుండ ఇయ్యమంటవా?"

"నేనెందుకంట? నీ పేరు గిట్ల లేకుండ పోతే నాకు మంచిగనిపిస్తదా? గాని ఇవి మన దిక్కు చూస్తున్నయి. బోర్డు దిక్కు చూస్తలేవు."

ఆమె మాట నిజమే. అలాగని తల దించుకుని కామారెడ్డికి పోనూ లేదు. ఫోన్‌లో మాట రికార్డు చేసి దుకాణదారుకు పంపాను. అరవలేదు, తిట్టలేదు. చేపలు చస్తున్నాయని చెప్పాను. నా పేరు వద్దు, నా ఇంటి పేరు వద్దు, ఎల్లారెడ్డి అన్న ఒక్క మాట రాసి ఆ తొట్టి ఫోటో పంపితే, మర్నాడే పెట్టె తెస్తానని చెప్పాను. విన్నట్టు ఫోన్‌లో నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఇంకో తొట్టి సగం ఖాళీ అయింది.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ముందు దుకాణదారు పంపిన ఫోటో వచ్చింది. మా ఇంటామెను పిలిచి, కళ్లద్దాలు తెప్పించుకుని, వేళ్లతో పెద్దది చేసి చూశాను. కొత్త బోర్డు. నిజంగానే ఎల్లారెడ్డి బొట్టు అని ఉంది, పెద్దపెద్ద అక్షరాల్లో. కింద ఇంకేదో ఉంది, చిన్నగా. అది కూడబలుక్కునేలోపు అతను రికార్డు చేసి పంపిన మాట వచ్చింది:

"బాపూ, నీ మాటనే నిలవెట్టిన. ఎల్లారెడ్డి అని పెద్దగ రాపిచ్చిన, సూస్కో. కింద బ్యాంకాక్ మాల్ అని చిన్నగ ఉంచిన, లేకుంటే ఎవ్వడు కొనడు గదనే. ఎల్లారెడ్డంటే యాడని ఒకలిద్దరు అడిగిండ్రు, గది బ్యాంకాక్ పక్కపొంటి ఊరని చెప్పిన. ఇగ ఖుషేనా? రేపు పొద్దుగాల పెట్టె పట్కరా. ఎనకకెల్లి రా."