హోటల్ మేడ మీద నేను పట్టుకున్న చేయి

నేను ఆళ్లగడ్డలో సైన్సు మాస్టరుగా పనిచేశాను. దయ్యాల కబుర్లు చెప్పే పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి. దేవుణ్ణి నమ్ముతాను గానీ, దయ్యాల్ని నమ్మే ఓపిక నాకెప్పుడూ లేదు. ఈ సంగతి బయట చెప్పకపోవడానికి అదే కారణం.

డెబ్బైల చివర్లో మాకు నంద్యాలే పెద్ద పట్నం. నాకేమో తిండి పిచ్చి. నెలకో శనివారం నా భార్య రూతమ్మనూ, ఐదేళ్ల కూతురు లిల్లీనీ బస్సెక్కించి, ప్రతిసారీ ఒక కొత్త హోటలుకు తీసుకెళ్లేవాణ్ణి. ఒకచోట సంగటి, నాటుకోడి పులుసు. ఇంకోచోట ఉగ్గాని, బజ్జి.

ఆ మధ్యాహ్నం బిర్యానీకి పేరుపడ్డ ఒక మేడ హోటలుకు వెళ్లాం. పైన కుటుంబాలకని విడిగా చిన్న గది, గుండ్రటి పాలరాతి బల్ల, గుమ్మానికి పచ్చ తెర. గదిలో మేం ముగ్గురమే.

ప్రార్థన చేయనిదే మా ఇంట్లో ముద్ద ముట్టరు. అందరం ముందు కళ్లు మూసుకుని, ఆ తర్వాత చేతులు పట్టుకోవాలి. హోటలైనా అంతే. నా ప్రార్థనలు కాస్త పొడుగు, అన్నం చల్లారిపోతుందని రూతమ్మ దెప్పేది. నా కుడిచేతిలో రూతమ్మ చేయి, ఎడమచేతిలో లిల్లీ చేయి. లిల్లీ రెండో చేయి వాళ్లమ్మ పట్టుకుంది.

ప్రార్థన మధ్యలో ఆ చిన్న వేళ్లు నా చేతిని రెండుసార్లు నొక్కాయి. ఆకలేస్తోందేమో అనుకుని, కాస్త ఆగమన్నట్టు నేనూ నొక్కాను.

ఆమెన్ అనబోతుంటే గుమ్మంలోంచి ఎవరో అడిగారు.

"సార్, ఈ పాప మీదేనా?"

కళ్లు తెరిచాను. హోటల్ సర్వరు నిలబడి ఉన్నాడు. అతని చంకలో లిల్లీ ఏడుస్తోంది.

"బుడగలోడి యెంట రోడ్డు మీదికి పోయింది. లారీ ముందర నుంచి లాక్కొచ్చినా. చూసుకోవద్దా సార్?"

నా ఎడమచేతిలో అప్పటికీ ఒక చిన్న చేయి ఉంది.

తల తిప్పి చూసేసరికి కుర్చీ ఖాళీ. నా గుప్పిట్లో ఏమీ లేదు. రూతమ్మ తన చేతిని చూసుకుంటోంది. బిర్యానీ ముట్టకుండానే కిందికి దిగాం.

బస్సులో రూతమ్మ మెల్లగా అంది. "నేను వదల్లేదు. చెయ్యి సల్లగుంటే, కడుక్కొచ్చిందిలే అనుకుంటి."

నా చేతిలోది జ్వరమొచ్చినట్టు కాలిపోయింది. ఆ మాట ఆమెతో అనలేదు.

ఎప్పుడు వెళ్లావని లిల్లీని అడిగాను. "మీరు కళ్లు మూసుకోగానే, చేతులు పట్టుకోకముందే కుర్చీ దిగినా నాయనా," అంది.

లిల్లీకిప్పుడు పిల్లలున్నారు. బిడ్డ దక్కిందని దేవుడికి దండం పెట్టుకుంటాను. ఏ దేవదూతో అయివుంటుందని రూతమ్మ అంటుంది. నేను ఒప్పుకోలేను. ఆ కుర్చీలో ఏ చేయీ దొరక్కపోయి ఉంటే అప్పుడే కళ్లు తెరిచి బిడ్డకోసం పరిగెత్తేవాళ్లం. బిడ్డ లారీ ముందుకు పోతున్నంతసేపూ మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.