పదకొండు ఎర్ర గులాబీలు

గులాబీ పెంచడం కష్టమని చెప్పేవాళ్లను నేను నమ్మను. వాళ్లలో సగం మందికి చెట్టు దగ్గర చేతులు ఊరుకోవు, మిగతా సగం మందికి అసలు చెట్టే ఉండదు. మా ఆయన బాన్సువాడ సర్కారు దవాఖానలో కాంపౌండరు. అక్కడ మేము కిరాయికి ఉన్న ఇంటి వెనక జాగా మూడు బారల పొడవు, రెండు బారల వెడల్పు. అందులోనే బట్టలుతికే బండ, గిన్నెలు తోమే మూల, కట్టెల కుప్ప. మిగిలిన చోట నా ఎర్ర గులాబీ. మోకాలెత్తు దాటని చెట్టు, ఎవరి దారికీ అడ్డం రాదు. వారానికి రెండు బిందెల నీళ్లు, ఏడాదికి రెండుసార్లు మాగిన పేడ, దసరా వెళ్లాక ఒక్కసారి కత్తి. అంతే. ఎండకు చచ్చిన గులాబీల కంటే నీళ్లకు చచ్చినవే నేను ఎక్కువ చూశాను.

ఆ చెట్టు మా నాయన ఇచ్చింది. ఆయన హైదరాబాదులో ఒక పెద్దింటి తోటమాలి. నాటు గులాబీ మొదలుకు ఎర్ర గులాబీ కన్ను, అంటే కొమ్మ మీది చిగురుమొగ్గ, తెచ్చి అంటు కట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. ముప్పై ఏళ్లు వాళ్ల తోటలో వేల పువ్వులు పూయించాడు. ఒక్క పువ్వు ఇంటికి తెచ్చుకునే హక్కు మాత్రం లేదు. సాయంత్రం గేటు దగ్గర తలరుమాలు విప్పించి, దులిపి చూసి పంపేవాళ్లు. మా అమ్మ తలలో ఆయన పెంచిన గులాబీ నేను ఎన్నడూ చూడలేదు.

నేను పెళ్లి చేసుకుని బాన్సువాడకు బయలుదేరిన రోజు, కత్తిరించి పారేసిన కొమ్మ నుంచి కన్ను తీసి మా ఇంట్లోనే కట్టిన అంటును మట్టిపెల్లతో సహా గోనెపట్టాలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు. "దీని పువ్వు నువ్వు పెట్టుకో బిడ్డా. లేకుంటే నీకిష్టమైనోళ్లకు పెట్టు. ఇంకెవ్వలకు బాకీ లేవు" అన్నాడు. మా నాయన నాకు పెట్టిన బంగారం అదే. నేను దానికి తక్కువ విలువ కట్టలేదు.

బాన్సువాడ నల్లరేగడి నీళ్లను పట్టుకుని వదలదు. అందుకని గుంత తీసి, మంజీర ఇసుక కలిపి నాటాను. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. మా బట్టలుతికే అవ్వ అయితే మొహం మీదే అనేది, "కూరకు రాదు, చారుకు రాదు. గింత జాగల చిక్కుడు పెట్టుకుంటే ఏడాది తిందురు గద." మొదలు నుంచి ఏపుగా లేచిన కొమ్మను నేను విరిచేస్తే ఆమెకు ప్రాణం పోయినంత పనయ్యేది. అది నాటు కొమ్మ, దాన్ని ఉంచితే ఎర్ర గులాబీని తినేస్తుందని ఎన్నిసార్లు చెప్పినా తల ఆడించి, మళ్లీ అదే అనేది. మొదటి పువ్వు విచ్చిన రోజు మాత్రం మూట దించి చాలాసేపు చూసింది. పెట్టుకోమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. "మాకెందుకమ్మా గీ పూలు. ఎవలన్న సూస్తే ఊకుంటరా" అంది.

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చి పదేళ్లు దాటిన రోజులవి. కాలువ వచ్చింది, వరి వచ్చింది, వర్ని వైపు కోస్తా రైతులు వచ్చారు. వీటన్నిటి వెంట అధికారుల రాకపోకలూ ఎక్కువయ్యాయి. అధికారి దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి, వచ్చి డేరా వేస్తే ఊరికి వెట్టి. కట్టెలు, కోళ్లు, పాలు ఊరే ఇవ్వాలి. నీళ్లు మోసేది, అంట్లు తోమేది ఎవరో కూడా ముందే రాసిపెట్టినట్టే ఉండేది. కూలి అడిగినవాడు లేడు, ఇచ్చినవాడూ లేడు.

అధికారి వెంట వచ్చే జవాను ఒకరోజు మా దడి మీదుగా చెట్టును చూశాడు. "అక్కా, ఒక్క పువ్వియ్యి. సాబ్ కోటుకు పెడ్త" అన్నాడు. ఇచ్చాను. అడిగినవాడికి ఒక పువ్వు ఇవ్వడానికి నాకేం రోగం? రెండో దౌరాకు నాలుగు అడిగాడు. మూడోసారి అడగలేదు, లోపలికొచ్చి కొడవలితో కొమ్మలకు కొమ్మలే కోసుకుపోయాడు. అడిగితే "మామూలే గద అక్కా" అన్నాడు. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మా నాయనను గేటు దగ్గర నిలబెట్టినవాళ్లు నా పెరట్లోకి కూడా వచ్చారనిపించింది.

ఆ ఏడు దసరా వెళ్లిన వారానికి చెట్టు మీద పదకొండు పువ్వులు. మర్నాడు అధికారి వస్తున్నాడని, ఆయన వెంట ఇంకా పెద్ద అధికారి వస్తున్నాడని, దండకు పువ్వులన్నీ కావాలని జవాను మధ్యాహ్నమే గంప పట్టుకుని దిగాడు.

"ఉండు" అని లోపలికి వెళ్లి మా నాయన ఇచ్చిన కత్తి తెచ్చాను. అతను గంప ముందుకు చాపాడు. నేను ఒక్కొక్క కొమ్మే జానెడు మిగిల్చి కోశాను. పువ్వులను నా ఒళ్లో వేసుకున్నాను. ఆకుల కొమ్మలను అతని కాళ్ల దగ్గర పడేశాను. కాసేపటికి నేల మీద ఐదు మోళ్లు మిగిలాయి.

జవాను గంప దించాడు. "చెట్టును సంపినవేందక్కా?"

"సంపలేదు. దసరా అయినంక కత్తిరించేదే. నెలన్నరకు మల్ల పూస్తది."

"మరి పువ్వులు?"

"గవి నావి."

ఆడదాని ఒళ్లో చెయ్యి పెట్టే ధైర్యం అతనికి లేదు. ఖాళీ గంపతో వెళ్లిపోయాడు. చెట్టు ఎండిపోయిందని చెప్పుకున్నాడట. చెప్పుకోనీ.

సాయంత్రం మా ఆయన మోళ్లను చూసి బండ మీద కూలబడ్డాడు. "కూసున్న కొమ్మను నరుక్కున్నవ్. రేపు నా నౌకరి సంగతేంది?" అన్నాడు. "మీ నౌకరి కోసం రోజూ వంట చేసి పెడుతున్న. చెట్టు మాత్రం నాది" అన్నాను. చెడ్డవాడు కాదు, భయస్థుడు. రెండు నెలలకు ఆయనకు అడవి పక్క ఊరికి బదిలీ వచ్చింది కూడా. ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆ బదిలీకి నేను అప్పుడూ ఏడవలేదు, ఇప్పుడూ ఏడవను.

రాత్రి నేను పంపిన కబురు అంది, తెల్లారగానే అవ్వ వాకిట్లోకి వచ్చింది. ఆమె వెనక తొమ్మిది మంది ఆడవాళ్లు, అందరి దగ్గరా రెండేసి కుండలు. డేరాకు నీళ్లు మోసే వెట్టి వాళ్లది. నేను బిందెలో పెట్టి ఉంచిన పువ్వులు తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. ఎవరూ ముట్టలేదు.

"పెట్టుకుని పోతే మా తోలు తీస్తరమ్మా" అంది ఒకామె.

అవ్వ పువ్వులవైపే చూస్తోంది. "పోయినేడు నా మనుమరాలి తలల బంతిపువ్వు ఉంటే గీ జవానే పీకి పారేసిండు" అంది, ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత నావైపు తిరిగి, "నాకు పెద్దది ఇయ్యి" అంది.

ఆమె కొప్పులో నేనే పెట్టాను. తర్వాత ఒక్కొక్కరే తల వంచారు. పది పువ్వులు అయిపోయాయి. పదకొండోది నేను పెట్టుకుని, మా ఇంట్లో ఉన్న రెండు కుండలు తీసుకున్నాను. "నువ్వెందుకమ్మా?" అంది అవ్వ. "పువ్వులు ఇచ్చి ఇంట్ల కూసుంటే నాకేం ఇజ్జతి అవ్వా" అన్నాను. ఊరి బావి దగ్గర కుండలు నింపుకుని డేరాల దారి పట్టాం.

ఊరి బయటి తోపులో డేరాలు. మేము నెత్తిన ఒక కుండ, చంకన ఒక కుండతో వరుసగా వెళ్లాం. దండ లేని మెడతో పెద్ద అధికారి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మందుపెట్టె పట్టుకుని మా ఆయన ఒక పక్కన ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. జవాను డేరా చాటుకు జరిగాడు. చెట్టు ఎండిందని చెప్పినవాడు ఇప్పుడేం చెబుతాడు?

ఎప్పుడూ వచ్చే మా అధికారి లేచి నిలబడ్డాడు. "ఆ పువ్వులు ఎక్కడివి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అవ్వ అందుకుంది.

"మావే సాబ్. పూసినయి, పెట్టుకున్నం."

"తీసెయ్యండి."

ఎవరూ కదల్లేదు. ఒక చెయ్యి నెత్తి మీది కుండకు, ఒక చెయ్యి చంకలోని కుండకు. అవ్వ గొంతు పెంచలేదు. "చేతులు ఖాళీ లేవు సాబ్. కుండలు ఈన్నే దించమంటే దించుతం."

దించితే మళ్లీ ఎత్తేది మేమేనని ఆయనకు తెలుసు, ఎత్తకపోవచ్చనీ తెలుసు. లోపల స్నానానికి నీళ్లు లేవు, పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు లేవు. పెద్ద అధికారి చూస్తున్నాడు. మా అధికారి చెయ్యి ఊపి, నీళ్లు పోసి పొమ్మన్నాడు.

గంగాళాల్లో నీళ్లు పోశాం. కుండలన్నీ నేల మీద బోర్లించాం. ఇప్పుడు ఇరవై రెండు చేతులూ ఖాళీయే. ఆయన మమ్మల్నే చూస్తున్నాడు. ఒక్కరం కూడా చెయ్యి తలదాకా ఎత్తలేదు.