నూటపది దగ్గరే ఉండిపోయిన బిళ్ల

ముప్పై ఐదేళ్లుగా నా కుడి మణికట్టు బరువుగా ఉంటోంది. వాతం కాదు. ఏటా శ్రావణంలో దానికి నాది కాని రాఖీ ఒకటి కడుతున్నారు.

స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైనవాణ్ణి. స్టీరియోలకి ఈ ప్లాంటు ఊరు మరోదాలో నన్ను మించిన వైద్యుడు లేడని పేరు. పైదేశాల సెట్లను మన కరెంటుకి మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మరు విప్పి తీగ మళ్లీ చుట్టాలని చెప్పేవాణ్ణి. నా చేతిపని చూసి జపాను ఇంజనీరే నోరెళ్లబెట్టాడని కూడా చెప్పాను. ఆ ఇంజనీరూ లేడు, తీగా లేదు. చాలా సెట్లకి వెనక చిన్న బిళ్ల ఉంటుంది. గాడిలో పావలా కాసు పెట్టి 110 వోల్టుల నుంచి 220కి తిప్పితే చాలు. ఆమాత్రం దానికి సెట్టును రెండు రోజులు అట్టేపెట్టేవాణ్ణి, గౌరవం కోసం.

పక్క క్వార్టర్ సత్యవతికి ఓడలో పనిచేసే అన్న ఉన్నాడు. ఓడలో నూటపది మీద తాను మోగించుకున్న స్టీరియోను చెల్లెలికి పంపాడు. ఆమె మురిసిపోతూ తెచ్చి ఇచ్చింది. ఆవేళ నా చుట్టూ నలుగురు చేరారు. జపాను ఇంజనీరు కథ చెబుతూ, బిళ్ల తిప్పకుండానే ప్లగ్గు పెట్టేశాను. పొగ. కాలిన వాసన. బిళ్ల సంగతి ఎవరికీ తెలియదు కనక అందరూ సెట్టునే తిట్టారు. వాళ్లు వెళ్లాక కాసు తీసి 220కి తిప్పేశాను.

సాయంత్రం ఆమె వచ్చింది.

"ఏటయినాది అన్నియ్యా?"

"లోపల ముందే కాలిపోయుందమ్మా."

"అంటే, మా అన్న తెలిసే అంటగట్టినాడా?"

నేను ఔననలేదు. తల గోక్కున్నాను, అంతే. అంతేనా?

బాగానే మోగిందని అన్న ఉత్తరం రాశాడు. ఆమె నా తల గోక్కోవడాన్నే నమ్మింది. ఇక్కడి హిందీవాళ్లను చూసి మన తెలుగువాళ్లు నేర్చుకున్న పండగ రాఖీ. అంతవరకూ కవర్లో పెట్టి విశాఖలో అన్న ఇంటికి పంపే రాఖీని ఆ ఏడు నాకు కట్టింది. చెయ్యి ఎందుకు చాపాను? మిఠాయి కూడా తిన్నాను.

మొన్న అటక సర్దుతూ ఆ సెట్టును మళ్లీ తెచ్చింది. పాత సెట్లకి ఇప్పుడు మోజట. కాలిన ట్రాన్స్‌ఫార్మరు తీసి వేరేది వేశాను. ఈసారి నిజంగానే పనిచేశాను. మోగింది. నీ చెయ్యే చెయ్యి అన్నియ్యా అంది. అప్పుడూ తల గోక్కున్నాను.

అన్న విశాఖలో ఉన్నాడు, ముసలివాడై. ఎల్లుండి రాఖీ. ఆమె నా చెయ్యి పట్టకముందే ఇదంతా రాసిన ఈ కాగితం ఆమె చేతిలో పెడతాను. చదివాక ఆ రాఖీని కవర్లో పెడుతుందో, నా మొహాన కొడుతుందో. ముందు కాగితానికైనా చెప్పగలిగాను. బిళ్ల తిప్పనిది నేను. సెట్టు మంచిదే. అన్నా మంచివాడే.