దేనికీ కట్టని ఎర్త్ వైరు

వానకాలం మొదట్ల ఓ పొద్దున వాషింగ్ మిషన్ ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నయి. నా మరిది కుమార్‌కు ఫోన్ చేసిన. మంథనిల మేం కట్టుకున్న కొత్తింటికి కరెంటు పనంతా చేసింది ఆయనే.

"తేమకు గట్లనే అయితది వదినె. చెప్పులు ఏసుకొని ముట్టుకో," అన్నడు.

"ఎర్తింగ్ సక్కగున్నదా?" అని అడిగిన. లీకైన కరెంటు మట్టిలకు పోయేది దాంట్ల నుంచే.

"పైపు దింపి, బొగ్గు, ఉప్పు పోసి పక్కా చేసిన. ఫికర్ చెయ్యకు."

ఇంటోడు కదా, నమ్మిన.

కొన్నాళ్ళకు తడి నేల మీద ఒట్టి కాళ్ళతోని నిలవడి బట్టలు తీస్తుంటే కుడిచెయ్యి మిషన్‌కు అతుక్కపోయింది. అరుద్దామంటే గొంతు లేవలే. మా అత్త ఉరికొచ్చి మెయిన్ బంద్ చేసింది. తర్వాత కరీంనగర్ దవాఖానలనే నాకు సోయి వచ్చింది.

ఈసీజీ తీసిండ్రు. గుండెకు మానిటర్ పెట్టిండ్రు. మూత్రం నల్లగ వస్తున్నదని కిడ్నీ టెస్టులు చేసిండ్రు. అరచేతిల చిన్న కాలిన మచ్చ తప్ప పైకి ఏం లేదు. "గింతేనా సార్?" అని మా ఆయన అడిగిండు. శ్రీరాంపూర్ బొగ్గు బాయిల డ్యూటీ ఇడిసి వచ్చిండు ఆయన.

"ఎలక్ట్రికల్ బర్న్ పైకి చిన్నగానే కనిపిస్తుంది. లోపల కండ ఎంత కాలిందో తెరిస్తేనే తెలుస్తుంది," అన్నడు డాక్టర్.

తెరిచిండ్రు. చచ్చిన కండ తీసేసి, తొడ మీది తోలుతోని స్కిన్ గ్రాఫ్ట్ ఏసిండ్రు. జర తేరుకుంటున్న అనుకునేసరికి ఇన్ఫెక్షన్ వచ్చింది. చూపుడువేలు నల్లవడ్డది. "వేలు ఆంప్యుటేట్ చేసి తీసేయకపోతే చేతికే ప్రమాదం అమ్మా," అన్నడు డాక్టర్. నేను టైలర్‌ను. పెండ్లి జాకెట్లు కుట్టేదాన్ని. ఎడమచేత్తో సంతకం పెట్టి ఏడ్చిన.

మా చర్చి ఆడోళ్ళు వచ్చి ప్రార్థన చేసిండ్రు. నేనూ కండ్లు మూసుకున్న. మూసుకుంటే కుమార్ మొకమే కనవడ్డది.

ఇంటికొచ్చినంక కుమార్‌ను పిలిచి, ఇరుగుపొరుగు చూస్తుండంగ ఎర్త్ గుంత తవ్వమన్న. "ఇప్పుడెందుకు వదినె," అని నసిగిండు. నేను కదల్లే. తవ్విండు. పైపు లేదు, బొగ్గు లేదు. ఎర్త్ వైరు కొస ఒట్టి మట్టిల పండుకొని ఉన్నది. దేనికీ కట్టి లేదు.

"రాయి తగిలింది. పైపు తర్వాత ఏద్దామనుకొని మర్చిపోయిన," అన్నడు.

గా వైరు ఫోటో తీసి కరెంటోళ్ళ ఆఫీసుల ఫిర్యాదు పెట్టిన. ఆయన పనిచేసిన ఇండ్లన్ని తిరిగి, చెయ్యి చూపెట్టి, "మీ గుంత తవ్వి చూసుకోండ్రి," అని చెప్పిన. ఇంకో రెండిండ్లల్ల గూడ గట్లనే ఎల్లింది. ఆయన్ను పనికి పిలుసుడు బందయింది.

మా అత్త ఏడ్చింది. "వాని పిల్లలు ఏం తినాలె బిడ్డా?"

"నా వేలు పోయిననాడు నా పిల్లల సంగతి ఎవరడిగిండ్రు అత్తా?" అన్న.

ఆఫీసు నుంచి చూడవచ్చిన ఇంజినీరమ్మ మూడు తీర్ల ఎర్తింగ్ చెప్పింది. ప్లేటు పాతాలంటే వెడల్పు గుంత కావాలె, మా రాతినేలల కష్టం. కెమికల్ పొడి నింపేదానికి నీళ్ళు పోసే పనే ఉండదు, కానీ అంతా పూడ్చేస్తరు. పైపుదానికి ఎండకాలం నీళ్ళు పోస్తుండాలె, మూత తీస్తే వైరు జాయింట్ కండ్లకు కనవడ్తది. నేను పైపే అన్న. కనవడనిదాన్ని నమ్మే ఓపిక నాకింక లేదు.

గుంత కుమారే తవ్వాలన్న. రాయిని పగలగొట్టుకుంట ఎండల తవ్విండు. అరచేతులు బొబ్బలెక్కినయి. నేను కుర్చీ ఏసుకొని చూసిన. పైపు వేరేటాయన దింపిండు.

చెమట తుడుచుకుంట కుమార్ అడిగిండు: "ఫిర్యాదు వాపస్ తీసుకుంటవా వదినె?"

"తీసుకుంటనని నేనెప్పుడన్న?"

ఆయన లైసెన్సు పోయింది. ఇప్పుడు పెద్దపల్లిల ఓ దుకాణంల మూటలు మోస్తుండు.

నేను ఫిజియోథెరపీ చేసుకుంట నడిమి వేలుతోని కత్తెర పట్టుడు నేర్చుకున్న. పెండ్లి జాకెట్లు కుట్టలేను, చీరలకు ఫాల్స్ కుడుతున్న. చలికి చెయ్యి గుంజుతది. కుమార్‌ను క్షమించినవా అని పాస్టరమ్మ అడుగుతది. లేదు. అబద్ధమెందుకు?

మీకు చెప్పేదొక్కటే. ఎర్త్ గుంత పూడ్చకముందు దగ్గర నిలవడి చూడుండ్రి, ఎర్త్ మీటరు పెట్టి కొలిపియ్యుండ్రి. పని చేసేటోడు ఇంటోడే అయితే ఇంకింత గట్టిగ చూడుండ్రి.